ఫిడేలు నాయుడుగారు

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరున జన్మించిరి. బాల్యమునుండియు చూపు మందము, బడిచదువు సాగలేదు. విశాఖపట్టణమున అన్నగారు వెంకటకృష్ణయ్యగారే తమ్మునిచేతికి ఫిడేలు నిచ్చి నేర్పిరి.

1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినపుడు, అందు విద్యార్థిగా చేరవలెనని నాయుడుగారు వెళ్లిరి. ఆయన వాద్యమును వినిన అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు, శిష్యుడుగా గాక ఆచార్యుడుగా నియమించిరి! నేర్చుకొనవచ్చిన యువకుడు మరునాటినుండి నేర్పవలసివచ్చినది. 1936లో ఆ కళాశాలకు ఆయనయే అధ్యక్షులైరి.

ఫిడేలు పాశ్చాత్యవాద్యము. బాలుస్వామి దీక్షితులవారి కాలమునుండి కర్ణాటక సంగీతమున చేరినను, అది చిరకాలము గాయకుని వెంట నడచు పక్కవాద్యముగనే యుండెను. నాయుడుగారు పాశ్చాత్యవాదనమును శ్రద్ధగా విని, వారి నిడుపైన కమాను పోకడను మన గమకములకు అనువుగా మలచుకొని, ఫిడేలుచేతనే కచేరీ నడిపించిరి.

గ్రామఫోను రికార్డు వచ్చుటతో మరియొక పరీక్ష ఎదురైనది. నిమిషమునకు 78 మారులు తిరుగు ఆ రికార్డున ఒకవైపు పట్టునది సుమారు మూడు నిమిషముల సంగీతమే. గంటసేపు పెంచదగిన రాగమును అంతలో ఇమిడ్చవలెను. నడుమ ఒక్క స్వరము తప్పినను మరల మొదటినుండియే వాయింపవలెను, అతుకునకు తావు లేదు. ఏది వాయింపవలెనో అనుటకన్న ఏది విడువవలెనో తెలియుటయే అచట విద్య. ఆయన రికార్డులలో తొందర వినరాదు.

1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ బిరుదములు లభించినవి. 1964 నవంబరు 25న కన్నుమూసిరి. ఆ రికార్డుల గరగరల నడుమ ఆయన కమాను నేటికిని నిదానముగనే సాగుచున్నది.