పులస దారిని ఆరా తీసిన దొర
ఆనకట్టల కింద చేపల గోడును నమోదు చేసిన ఫ్రాన్సిస్‌ డే

ధవళేశ్వరం: గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే జిల్లావాసుల చూపంతా పులసపైనే. సముద్రంలో ఇలసగా పెరిగి, గుడ్లు పెట్టేందుకు ఏటికి ఎదురీదే ఈ చేపకు ధవళేశ్వరం వద్ద దారి మూసుకుపోతుంది. ఆనకట్టలు చేపలకు చేసే కీడును నూట యాభై ఏళ్ల కిందటే శోధించినవారు ఆంగ్లేయ వైద్యుడు ఫ్రాన్సిస్‌ డే.

1829లో ఇంగ్లండులోని ససెక్స్‌ ప్రాంతంలో జన్మించిన డే, 1852లో మద్రాసు సైనిక వైద్య సర్వీసులో చేరారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినదీ ఆ ఏడాదే. కొచ్చిలో పనిచేస్తూ మత్స్యశాస్త్రంపై మక్కువ పెంచుకుని, 1865లో మలబారు చేపలపై గ్రంథం వెలువరించారు. నీలగిరి వాగుల్లో ట్రౌట్‌ చేపలను పెంచాలన్న ఆయన యత్నం మాత్రం ఫలించలేదు.

నీటిపారుదల ఆనకట్టల వల్ల చేపలకు హాని జరుగుతున్నదేమోనని 1867లో ప్రభుత్వం దృష్టికి తెచ్చినవారు మరెవరో కాదు, సాక్షాత్తూ సర్‌ ఆర్థర్‌ కాటన్‌. తాను కట్టిన కట్టడంలోని లోటును తానే శంకించడం ఆ మహనీయునికే చెల్లింది. దరిమిలా మద్రాసు రాష్ట్ర జలాలను పరిశీలించే బాధ్యత డేకు దక్కింది. 1871లో ఆయన భారతదేశ మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్‌ జనరల్‌ అయ్యారు. భారత, బర్మా మంచినీటి చేపలపై 1873లో నివేదిక సమర్పించారు. ఎగువకు పోలేని తల్లిచేపలు, పొలాల కాలువల్లో బుట్టలకు చిక్కే చిరుపిల్లలు, నీటిలో విషం కలిపి పట్టే పద్ధతి ఆయనను కలవరపెట్టాయి. వల కంతకు కనీస కొలత ఉండాలని, విషప్రయోగాన్ని నిషేధించాలని, ఆనకట్టల్లో చేపలకు దారి విడవాలని సూచించారు. బీదల కూటికి చేపే ఆధారమైన దేశంలో ఆంక్షలు తగవని అధికారుల్లో కొందరు అడ్డుపడ్డారు. ఆ వాదననూ తోసిపుచ్చలేము.

1877లో స్వదేశానికి మరలిన డే, మరుసటి ఏడాదికి ‘ఫిషెస్‌ ఆఫ్‌ ఇండియా’ బృహద్గ్రంథాన్ని పూర్తిచేశారు. బ్రిటిష్‌ మ్యూజియం మత్స్యశాస్త్రవేత్త గుంథర్‌తో పొసగక, తాను సేకరించిన నమూనాల్లో పెద్ద భాగాన్ని 1883లో సిడ్నీలోని ఆస్ట్రేలియన్‌ మ్యూజియానికి అమ్మివేశారు. మన నదుల చేపలు అలా సముద్రాలు దాటాయి.

1889 జులై 10న చెల్టెన్‌హామ్‌లో డే కన్నుమూశారు. నీటిలో విషం కలపడాన్ని, పేలుడు పదార్థాలతో చేపలు పట్టడాన్ని నిషేధిస్తూ భారత మత్స్య చట్టం వచ్చింది 1897లో. పాత ఆనకట్ట స్థానే 1982లో కొత్త బ్యారేజీ పూర్తయింది. పులస ప్రయాణం మాత్రం నేటికీ ధవళేశ్వరం దిగువనే ఆగుతున్నది.