పాటను అక్షరాల్లో నిలిపిన సుబ్బరామ దీక్షితులు

మన చల్లపల్లికి దగ్గరలోని మొవ్వ పేరు చెబితే క్షేత్రయ్య గుర్తొస్తారు. ఆయన పదాల్లో కొన్నింటిని స్వరాలతో సహా అచ్చు వేయించిన మహనీయుడు సుబ్బరామ దీక్షితులు.

ఆయన 1839లో తిరువారూరులో జన్మించారు. తాతగారైన బాలుస్వామి దీక్షితులే ఆయన్ను దత్తత తీసుకుని సంగీతం నేర్పారు. ముత్తుస్వామి దీక్షితులు ఈ బాలుస్వామికి అన్నగారు. పెద్దయ్యాక సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులయ్యారు.

ఆ రోజుల్లో కీర్తన గురుముఖంగా నేర్చుకోవలసిందే. గురువు దొరకనివారికి ఆ విద్య అందేది కాదు. చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహంతో, ఎట్టయపురం రాజుగారి అండతో దీక్షితులు తమ ఇంటి విద్యను లోకానికిచ్చారు. 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తమిళనాట ఎట్టయపురంలో తెలుగు లిపిలో వెలువడింది.

అందులో పైన స్వరాలు, వాటి కింద సాహిత్యం ఉంటాయి. ‘స’ అంటే ఒక అక్షరకాలం, ‘సా’ అంటే రెండు. స్వరం మీద చుక్క ఉంటే పై స్థాయి, కింద ఉంటే కింది స్థాయి. నిలువు గీతలు తాళాన్ని విడదీస్తాయి. స్వరాన్ని ఎలా ఊపాలో, ఎలా జార్చాలో చెప్పే గమకాలకూ గుర్తులున్నాయి.

పుస్తకం వచ్చిన రెండేళ్ళకు, 1906లో ఆయన కన్నుమూశారు.

మాలో చాలామందికి ఇంట్లో పాఠం చెప్పేవారు లేరు. పుస్తకాలే మాకు గురువులు. కాబట్టి తమ్ముళ్ళారా, మీరు రాసుకున్న నోట్సును హాస్టల్ వదిలేటప్పుడు మీ వెనకవారికి ఇచ్చి వెళ్ళండి.