పక్షుల లెక్క తెలిసిన సలీం అలీ

బొంబాయిలోని ఒక సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో 1896 నవంబరు 12న సలీం అలీ జన్మించారు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్న ఆయనను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ పెంచి పెద్దచేశారు. చిన్నతనంలో ఒకనాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో తెలుసుకు రమ్మని మేనమామ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పిట్ట పేరు చెప్పడమే గాక, భద్రపరచిన పక్షులెన్నో చూపించారు. ఆనాడు కలిగిన ఆసక్తి ఆయనను జీవితాంతం వదలలేదు.

1930లో జర్మనీలో శిక్షణ ముగించుకుని వచ్చేసరికి మ్యూజియంలో ఉద్యోగం లేకుండా పోయింది. భార్య తెహమీనాతో కలిసి సముద్రతీరాన ఉన్న కిహీం గ్రామంలో కాపురం పెట్టారు. ఇంటి దగ్గరి చెట్టుమీద గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. ఆయన చాటున కూర్చుని నెలల తరబడి వాటిని గమనించారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆడ పక్షికి చూపుతుందని, దానికి నచ్చితేనే పూర్తి చేస్తుందని, ఆ తర్వాత మరో గూడు మొదలుపెట్టి మరో ఆడ పక్షిని పిలుస్తుందని కనుగొన్నారు. 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. పైరుకు మేలు చేసే పక్షులేవో, కీడు చేసేవేవో రైతులకు తెలియాలని రాశారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలను కాపాడడానికి ఆయన ఎంతో శ్రమించారు. అది మనుషులు కట్ట వేసి, నీరు మళ్లించి నిలిపిన చెరువుల ప్రాంతం. చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా అక్కడే మేసేవి. మేత వల్ల పక్షులకు చేటు కలుగుతుందని భావించి, దాన్ని ఆపాలని సలీం అలీ, మరికొందరు నిపుణులు సూచించారు. 1982లో ప్రభుత్వం మేతను నిషేధించింది. గ్రామస్తులు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

అయితే ఆయన పెంచి పోషించిన సొసైటీయే అక్కడ దాదాపు పదేళ్లు పరిశోధన సాగించింది. నీటిని, గడ్డిని, చేపలను, పక్షులను ఏటా లెక్కగట్టింది. 1991లో వెలువడిన నివేదిక అందరినీ ఆశ్చర్యపరిచింది. గేదెలు లేకపోవడంతో ఒక రకం గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది. బాతులు ఈదడానికి చోటు కరువైంది. పక్షుల సంఖ్య తగ్గింది. ఇన్నాళ్లూ ఆ గడ్డిని మేసి నీటిని తెరిపిగా ఉంచింది గేదెలేనని తేలింది.

ఈ నివేదిక చూడడానికి సలీం అలీ లేరు. 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు. ఎంత పెద్దవారి మాటనైనా కళ్లతో చూసి, లెక్కవేసి సరిచూసుకోవాలన్నది ఆయన జీవితమంతా పాటించిన పద్ధతి. ఆ పద్ధతే చివరకు ఆయన సూచననూ సరిదిద్దింది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు. పశువులను మేపుకునేవారిని ముందే అడిగి తెలుసుకుని ఉంటే ఆ నష్టం జరిగేది కాదేమో. అడవినీ చెరువునూ కాపాడాలనుకునేవారు ఆయన దీక్షతోపాటు భరత్‌పూర్ నేర్పిన ఈ పాఠాన్నీ గుర్తుంచుకోవాలి.