కైఫియతుల కర్నలు కాలిన్ మెకంజీ

ఉర్దూ చదువుకొను మిత్రులకు కైఫియత్ అను మాట కొత్త కాదు. స్థితి, వివరము, సంగతి అని దాని అర్థం. పారశీకపు కచేరీ భాష వెంట ఆ మాట మన గ్రామాలకు వచ్చి, ఊరి పుట్టుపూర్వోత్తరాలు తెలిపే వ్రాతకు పేరై నిలిచినది. ఆ వ్రాతకు ఆధారమైన కరణాల తాటాకు కట్టకు మాత్రం కవిలె అను పేరే మిగిలినది. ఈ కైఫియతులను సేకరింపజేసిన కర్నల్ కాలిన్ మెకంజీ జీవితాన్ని, అంతకంటె ముఖ్యంగా ఆయన కాగితాలకు పట్టిన గతిని, విద్యార్థి మిత్రులకు తెలుపబూనినాము.

మెకంజీ 1754లో స్కాట్లండుకు వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే పట్టణంలో జన్మించినాడు. 1783లో కంపెనీ కొలువులో మద్రాసు చేరినాడు. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో పాల్గొన్నాడు. పిదప మైసూరు సీమను సర్వే చేసినాడు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయినాడు. యుద్ధాల సంగతి ఇతర గ్రంథాలలో దొరకును గనుక ఇక్కడ విడిచిపెట్టుచున్నాము.

చిత్రమేమనగా, ఇన్ని భాషల వ్రాతలు కూడబెట్టిన ఆ దొరకు మన భాషలు రావు. ఆ మాట ఆయన తానే ఒప్పుకొన్నాడు. ఆయన కన్నులు, చెవులు ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య మెకంజీ వద్ద చేరి, పాత శాసనాల లిపి చదువుటలో దారి చూపినాడు. ఇరువదియేడేండ్లయినా నిండకముందే 1803లో మరణించినాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను నెత్తికెత్తుకొన్నాడు. సహాయకులు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, వృద్ధులను అడిగి వ్రాసుకొనేవారు. కవిలెలకు నకళ్ళు తీసేవారు. గుడిగోడల శాసనాలు ఎత్తి వ్రాసేవారు. ఇది సులభమైన పని కాదు. కవిలెలో ఊరి మాన్యాలు, ఇనాములు, సరిహద్దులు ఉంటవి. కంపెనీ మనిషి వచ్చి దానిని చూపుమనగా, పన్ను పెంచుటకే కాబోలునని కరణం జంకుట సహజమే గదా! ఇందుకయిన వ్యయంలో చాలా భాగం మెకంజీ తన జేబునుండియే భరించినాడు.

నేటి పల్నాడు జిల్లాలోనిదే అయిన అమరావతికి ఆయన 1798లో వచ్చినాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టించుచుండగా, దీపాలదిన్నెను రాళ్ళకోసం తవ్వినారు. 1816లో మెకంజీ చిత్రకారులతో మరల వచ్చి శిల్పాలకు చిత్రాలు వేయించినాడు. తర్వాత ఆ శిల్పాలలో కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. అట్లు పోయినవానికి నేడు ఆ చిత్రాలే సాక్ష్యం. మా మట్టుకు మాకు, సర్వేయర్ జనరల్ పదవికంటె ఆ బొమ్మల కట్టయే ఆయనకు గొప్ప కీర్తి.

1821 మే 8న, కలకత్తా సమీపాన మెకంజీ మరణించినాడు. సేకరణకు పట్టిక తయారుచేయవలెనన్న కోరిక తీరనేలేదు. ప్రభుత్వం ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి సేకరణను కొన్నది. హోరేసు హేమన్ విల్సను 1828లో అచ్చువేయించిన పట్టిక ప్రకారం అందులో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణెములు ఉన్నవి. విల్సను సంస్కృత పండితుడే గాని దక్షిణ భాషలు ఎరుగడు. పిదప కొంత లండనుకు, కొంత మద్రాసుకు పోయినది. మద్రాసులోనూ ఒక్కచోట ఉండలేదు. కోట కళాశాల నుండి మద్రాసు లిటరరీ సొసైటీకి, మరల వెనుకకు. పండిత సంస్థ చేతికి చేరినంత మాత్రాన కాగితం క్షేమమని అనుకొనరాదు. (మన కళాశాల పాత వార్షిక సంచికలు అన్నియు ఒక్క అలమరలో దొరకునో లేదో కార్యవర్గం పెద్దలు ఒకమారు చూడగోరెదము.)

మా మనస్సును ఎక్కువగా కలచిన సంగతి మరొకటి. ఆ కట్టలలో ఏది ఎక్కడిదో, ఎవరిచ్చినదో ఎరిగినవాడు లక్ష్మయ్య. మద్రాసులో హిందూ సాహిత్య సంఘాన్ని స్థాపించి, ఆగిపోయిన పని తాను సాగించెదనని ఆయన ప్రభుత్వానికి విన్నవించుకొన్నాడు. ప్రభుత్వం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీని సలహా అడిగినది. సొసైటీ కార్యదర్శి జేమ్సు ప్రిన్సెప్. అశోకుని బ్రాహ్మీలిపి రహస్యం విప్పిన మహామేధావి ఈయనయే. ఆ సొసైటీవారు 1836లో లక్ష్మయ్యకు, ఆ మాటకు వస్తే ఏ దేశీయునికీ, అంతటి విమర్శనాశక్తి లేదని తేల్చి, మతబోధకుడైన విలియం టేలరు పేరు సూచించినారు. టేలరు శ్రమించినాడు, పట్టికలు అచ్చువేసినాడు. కాని కరణాల ఎదుట కూర్చుని విన్న మనిషి జ్ఞాపకం ఆ పట్టికలకు ఎక్కలేదు. ఇది అన్యాయమే గాక నష్టము కూడానని మా అభిప్రాయం. థామస్ హికీ 1816లో వేసిన మెకంజీ చిత్తరువులో ముగ్గురు దేశీయ సహాయకులు నిలిచియున్నారు. వారెవరో నేటికీ పండితులు వాదించుకొనుచున్నారు.

శిథిలమగుచున్న తెలుగు కైఫియతులకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ శుద్ధప్రతులు వ్రాయించినాడు. లేకున్న పురుగులు తినగా మిగిలినదే మనకు దక్కెడిది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో ప్రకటించిన రెడ్డిరాజ్యాల చరిత్రకు ఈ కైఫియతులు తోడ్పడినవి. కొండవీటి దండకవిలె చరిత్రకారులకు సుపరిచితం.

మద్రాసులో మిగిలిన భాగం చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోను, అమరావతి చిత్రాలు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఉన్నవి. కడప జిల్లా కైఫియతులను కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రంవారు సంపుటాలుగా అచ్చువేసినారు. చదువబూనినవారికి తెలుగు ఒక్కటే చాలదు. జమాబందీ, సనదు, ఇనాము, ఫసలీ వంటి మాటలు పంక్తిపంక్తికీ తగులును. ఫసలీ 1220 అని ఉన్నచో, దానికి 590 కలిపి క్రీ.శ. 1810–11 అని గ్రహింపవలె. మన కళాశాలలో ఉర్దూ విద్యార్థి ఒకరు, తెలుగు విద్యార్థి ఒకరు ఒకే బల్ల వద్ద కూర్చున్నచో ఒక ఊరి కైఫియతు కొద్ది దినములలో చదువవచ్చును.