సొంత పిల్లల కోసం రాస్తే.. ఇంటింటికీ చేరింది!

పాత హిందీ సినిమాల్లో కోర్టు సీన్లు మీరు చూసే ఉంటారు. తీర్పు చదివే జడ్జి నోట తాజీరాతే హింద్, దఫా 302 అనే మాట వస్తుంది. భారత శిక్షాస్మృతికి ఉర్దూ పేరు అది. 1860లో ఇంగ్లిష్‌లో వచ్చిన ఆ చట్టాన్ని ఉర్దూలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు డిప్యూటీ నజీర్ అహ్మద్. డిప్యూటీ అనేది ఇంటిపేరు కాదు, డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వల్ల అతుక్కుపోయిన మాట. అయితే ఉత్తరాది ముస్లిం కుటుంబాలు ఆయన్ను తరాలపాటు తలుచుకున్నది చట్టం వల్ల కాదు. కూతుళ్లకూ కొడుక్కూ కూర్చుని రాసిచ్చిన పుస్తకాల వల్ల.

నజీర్ అహ్మద్ 1830ల్లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లాలో పుట్టారు. ఇంట్లో చదువుంది గానీ డబ్బు లేదు. అరబీ, పారశీకం మొదట తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. తర్వాత తండ్రి ఆయన్ను ఢిల్లీలోని ఔరంగాబాదీ మసీదులో ఒక మౌల్వీ దగ్గర వదిలారు. అక్కడి పిల్లలకు హాస్టల్ మెస్ లాంటిదేమీ లేదు. పూటపూటా చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి రొట్టెలు అడిగి తెచ్చుకోవాలి. మన పల్లెల్లో వారాలు చేసుకుని చదువుకున్న తాతల కథలు వినే ఉంటారుగా, దాదాపు అలాంటిదే. గురువుగారి ఇంట్లో రొట్టె ఊరికే దొరికేది కాదు. మసాలా నూరితేనే పెట్టేవాళ్లు. ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండేది. నూరే చెయ్యి కాస్త ఆగితే చాలు, పొత్రం లాక్కుని ఈయన వేళ్ల మీద ఒక్కటి వేసేది. ముసలితనంలో నజీర్ అహ్మద్ ఈ సంగతి శిష్యులకు నవ్వుతూ చెప్పేవారట. ఎందుకంటే పెద్దయ్యాక పెళ్లి చేసుకున్నది ఆ అమ్మాయినే!

ఢిల్లీ కాలేజీలో చేరడం కూడా అనుకుని జరిగింది కాదు. ఏదో సందడిగా ఉందని చూడ్డానికి వెళ్లి, జనం తోపులాటలో జారి పడ్డాడు కుర్రాడు. కాలేజీ పెద్దలు లేపి, ఏం చదువుతున్నావని అడిగారు. చెప్పిన అరబీ కావ్యం పేరు విని ఇంత చిన్నవాడా అని ఆశ్చర్యపోయి అక్కడే పరీక్ష పెట్టారు. నెగ్గాడు, స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంగ్లిష్ విభాగంలో మాత్రం చేరనివ్వలేదు తండ్రి. కొడుకు చచ్చిపోయినా ఫర్వాలేదు గానీ ఇంగ్లిష్ చదవడానికి వీల్లేదన్నంత పట్టుదల ఆయనది. సరే, అరబీ విభాగంలోనే చేరాడు. అదృష్టం ఏంటంటే ఆ కాలేజీలో లెక్కలు, సైన్సు ఉర్దూలోనే చెప్పేవాళ్లు. ఉర్దూ పాఠ్యపుస్తకాలు రాసిన ముహమ్మద్ హుసేన్ ఆజాద్, లెక్కల పుస్తకాలు గుట్టలుగా రాసిన జకావుల్లా అదే కాలేజీలో చదువుకున్నవాళ్లే.

చదువయ్యాక పంజాబ్‌లో ఒక చిన్న ఊళ్లో టీచరయ్యారు. ఆ తర్వాత స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. 1857 తిరుగుబాటు నాటికి ఢిల్లీలో ఉన్నారు. గాయపడిన ఒక ఇంగ్లిష్ మహిళను ఆ కుటుంబం కాపాడింది. ఆ తర్వాత ఆయన సొంతంగా ఇంగ్లిష్ నేర్చుకున్నారు. తండ్రి వద్దన్న ఆ భాషే కెరీర్‌ను మార్చేసింది. మొదట ఆదాయపు పన్ను చట్టం అనువాదం, ఆ వెంటనే శిక్షాస్మృతి. పనితనం చూసి ప్రభుత్వం తహసీల్దార్‌ని చేసింది, తర్వాత డిప్యూటీ కలెక్టర్‌ని. మీలో అనువాదాన్ని కెరీర్‌గా తీసుకుందామా అని ఊగిసలాడేవాళ్లు ఒక సంగతి గమనించండి. ఆయనకు పనికొచ్చింది ఇంగ్లిష్ ఒక్కటే కాదు. అరబీ మీద పట్టు, ఢిల్లీ వీధుల్లో వినపడే నుడికారం, రెండూ ఉండబట్టే చట్టానికి మాటలు దొరికాయి.

ఇక పుస్తకాల సంగతి. ఆయన పిల్లలు చదివే వయసుకొచ్చారు. ఇంట్లో ఉన్నవేమో మతగ్రంథాలు, బరువైన నీతి పుస్తకాలు. వాటిని ముందు పెడితే పిల్లలు ఆవలిస్తున్నారు. బజార్లో వెతికితే చేతికివ్వదగ్గది కనపడలేదు. దాంతో తనే మొదలుపెట్టారు. పెద్దమ్మాయికి ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ, చిన్నమ్మాయికి ఏరికూర్చిన చిన్నచిన్న కథలు ముంతఖబుల్ హికాయాత్, కొడుకు బషీర్‌కు చంద్ పంద్ అనే మంచిమాటల పుస్తకం. ఆఫీసు పని మధ్య వీలు చూసుకుని కొన్ని పేజీలు రాసివ్వడం, అవి అయిపోగానే పిల్లలు ఇంకా కావాలని వెంటపడటం, మళ్లీ రాయడం. అచ్చేయాలన్న ఆలోచనే లేదు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ముగ్గురే రీడర్లు, ఫీడ్‌బ్యాక్ మాత్రం ఏ రోజుకారోజు!

బయటికి ఎలా వచ్చాయంటే, ఆ ఇంట్లో చెప్పుకున్న కథ ఇదీ. విద్యాశాఖ డైరెక్టర్ కెంప్సన్ టూర్‌లో ఉండగా గుర్రప్పిల్ల మీద వస్తున్న బషీర్ ఎదురయ్యాడు. ఏం చదువుతున్నావని దొర అడిగితే చంద్ పంద్ అన్నాడు. అలాంటి పుస్తకం పేరే ఆయనెప్పుడూ వినలేదు. తీసుకురమ్మంటే, కుర్రాడు అక్కల పుస్తకాలు కూడా పట్టుకొచ్చేశాడు. వాటిలో పెద్దమ్మాయి పుస్తకం చదివి కెంప్సన్ పోటీకి పంపమన్నారు. దేశభాషల్లో పనికొచ్చే పుస్తకాలకు బహుమతులిస్తామని 1868లోనే ప్రభుత్వం ప్రకటించి ఉంది. అలా 1869లో మిరాతుల్ ఉరూస్ అచ్చయింది. పెళ్లికూతురి అద్దం అని అర్థం. వెయ్యి రూపాయల బహుమతి వచ్చింది. లెఫ్టినెంట్ గవర్నర్ విలియం మూర్ తన తరఫున ఒక గడియారం ఇచ్చారు. ప్రభుత్వమే 2,000 ప్రతులు కొంది. 20 ఏళ్లలో లక్షకు పైగా అమ్ముడయ్యాయి. ఉర్దూలో మొదటి నవల ఇదేనని చాలామంది అంటారు.

కథ సింపుల్. అక్బరీ, అస్గరీ ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్లు. అక్క అక్బరీ గారాబంగా పెరిగింది, చీటికీమాటికీ పేచీ పెడుతుంది, మాయమాటలు చెప్పిన ఆడమనిషిని నమ్మి నగలు పోగొట్టుకుంటుంది. చెల్లెలు అస్గరీ ఇంటి లెక్కలు రాస్తుంది, ఏళ్లుగా సొమ్ము కాజేస్తున్న పనిమనిషిని పట్టిస్తుంది, ఆఖరికి ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెడుతుంది. అస్గరీ మరీ బంగారు బొమ్మ. నన్నడిగితే అక్బరీ ఉన్న పేజీలే బాగుంటాయి. ఆమె తిట్లు, అలకలు పక్కింట్లోంచి వినపడుతున్నట్టే ఉంటాయి. ఇప్పుడు చదివితే ఇంకో చిక్కు కూడా కనపడుతుంది. ఆడపిల్లకు చదువు కావాలని అంత గట్టిగా చెప్పిన మనిషి ఆ చదువును ఇంటి గడప దాటించలేదు. అస్గరీ భర్తను ఉద్యోగానికి తోస్తుంది, తనకు మాత్రం ఉద్యోగం లేదు. తర్వాతి పుస్తకం బనాతున్ నాష్‌లో అదే బడిలో ఆడపిల్లలు మాటల మధ్యలో భూగోళం, సైన్సు నేర్చుకుంటారు. అదీ పరదా లోపలే. అయినా ఆ రోజుల్లో పరదా లోపలికి వెళ్లగలిగింది పుస్తకమే మరి.

1877లో సాలార్‌జంగ్ పిలుపు మీద హైదరాబాద్ వచ్చి నిజాం రెవెన్యూ శాఖలో పెద్ద ఉద్యోగం చేశారు. ఇక్కడుండగానే, నడివయసులో, ఖురాన్ మొత్తం కంఠస్థం చేశారు. 1883లో సాలార్‌జంగ్ పోయాక మరుసటి ఏడాది ఢిల్లీ తిరిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఖురాన్‌ను వాడుక ఉర్దూలోకి తెచ్చారు. పిల్లల పుస్తకాలకు వన్నె తెచ్చిన ఆ వీధి నుడికారమే ఇక్కడ విమర్శలు తెచ్చింది. పవిత్రగ్రంథానికి ఈ భాషేంటన్నారు కొందరు.

అసలు దెబ్బ చివర్లో తగిలింది. ఆయన 1870ల నాటి నవల తౌబతున్ నసూహ్‌లో ఒక సీన్ ఉంది. కలరా నుంచి బయటపడి భక్తుడిగా మారిన తండ్రి, కవిత్వం పిచ్చి ఉన్న పెద్దకొడుకు పుస్తకాలన్నిటినీ తగలబెడతాడు. రచయిత తండ్రి వైపే ఉన్నట్టు రాశారు. దశాబ్దాలు గడిచాయి. ప్రవక్త కుటుంబంపై వచ్చిన ఒక విమర్శ పుస్తకానికి జవాబుగా నజీర్ అహ్మద్ ఉమ్మహాతుల్ ఉమ్మా రాశారు. ఉద్దేశం సమర్థించడమే. కానీ అందులోనూ అదే చనువైన భాష. పెద్ద గొడవైంది. ప్రతులు పోగుచేసి ఢిల్లీలోనే తగలబెట్టారు. అప్పటికి ఆయన వయసు 70 దాటింది. 1912లో కన్నుమూశారు.

ముసలితనంలో ఆయన దగ్గర ఉచితంగా అరబీ నేర్చుకున్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు తర్వాత ఉద్యోగాలకు హైదరాబాదే వచ్చారు. ఒకరు ఫర్హతుల్లా బేగ్. రొట్టెల కథ, పొత్రం కథ మనకు తెలిసింది ఆయన రాసిన సరదా వ్యాసం వల్లే. రెండోవారు గులాం యజ్దానీ, నిజాం పురావస్తు శాఖ తొలి డైరెక్టర్, అజంతా చిత్రాల మీద పెద్ద గ్రంథాలు తెచ్చినాయన. ఇక గుర్రప్పిల్ల మీద వెళ్తూ గుట్టు విప్పేసిన ఆ బషీర్ కూడా పెద్దయ్యాక రచయితే అయ్యారు. ఢిల్లీ చరిత్రను, కట్టడం కట్టడం తిరిగి చూసి, లావుపాటి సంపుటాలుగా రాశారు.