గోడెల్ ఈశ్వరోపపత్తి

కుర్ట్ గోడెల్ 1906 ఏప్రిల్ 28వ తేదీన నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమందలి బ్రున్ నగరమున జన్మించెను. వియన్నాలో విద్యనభ్యసించి, 1931లో అసంపూర్ణతా సిద్ధాంతములను ప్రకటించెను. అంకగణితమునకు చాలినదై పరస్పరవిరోధము లేని ఏ నియమవ్యవస్థయందైనను, ఆ నియమములచే సాధింపను ఖండింపను వీలుకాని వాక్యముండునని వానిలో మొదటిది తెలుపును. 1940లో సైబీరియా మీదుగా రైలులోను, పసిఫిక్ సముద్రముపై ఓడలోను ప్రయాణించి అమెరికా చేరెను. ప్రిన్‌స్టన్‌లో ఐన్‌స్టీనునకు ఆప్తమిత్రుడయ్యెను.

ఆయన ఈశ్వరోపపత్తి లైబ్నిజ్ మార్గము ననుసరించినది. శ్రేష్ఠగుణములన్నియు గలవాడు ఈశ్వరుడు. అవశ్యముగా ఉండుటయు శ్రేష్ఠగుణమే. అట్టివాడు సంభావ్యుడైనచో ఉండియే తీరవలెను. సకలకల్యాణగుణాకరుడను మాట నెరిగిన మన పండితులకు ఈ నిర్వచనము వింతగా తోపదు. రామానుజులు మాత్రము ఈశ్వరుడు శాస్త్రైకవేద్యుడనియు, అనుమానప్రమాణమున కందడనియు శ్రీభాష్యమున వాదించిరి. గోడెల్ పూనుకొన్నది సరిగా ఆ పనికే.

1970 ఫిబ్రవరిలో మరణము సమీపించెనని భయపడి, ఆ ఉపపత్తిని డానా స్కాట్ అను తార్కికునకు చూపెను. ఆరోగ్యము కుదుటపడిన పిదప దానిని ప్రకటింపలేదు. తనది తర్కపరిశీలనమే కాగా, లోకము మతవిశ్వాసముగా నెంచునని సంకోచించెను. నిజమునకు ఆయన ఆస్తికుడే. ఆహారమున ఎవరో విషము కలుపుదురను భయము ఆయనను వీడలేదు. భార్య అడేల్ ఆసుపత్రిలో నుండగా అన్నము మాని కృశించి, 1978 జనవరి 14వ తేదీన మరణించెను. ఉపపత్తి 1987లో అచ్చయ్యెను.

2013లో బెర్లిన్‌నుండి క్రిస్టోఫ్ బెంజ్‌మ్యూలర్, వియన్నానుండి బ్రూనో వోల్ట్‌జెన్‌లోగెల్ పాలియో దీనిని కంప్యూటరునకు అప్పగించిరి. స్కాట్ ప్రతియందలి వాదము స్వీకృతములనుండి నిర్దుష్టముగా సిద్ధించుననియు, ఆ స్వీకృతములలో పరస్పరవిరోధము లేదనియు తేలెను. గోడెల్ స్వహస్తప్రతి సంగతి వేరు. ఏ గుణమునుండి ఒక వస్తువు గుణములన్నియు తప్పక సిద్ధించునో, అది ఆ వస్తువునకు సారమని ఆయన నిర్వచించెను. ఆ సారము ఆ వస్తువునందు ఉండవలెనను మాట వ్రాయలేదు. స్కాట్ ప్రతిలో ఆ మాట కలదు. అది లేనిచో, దేనియందును లేని గుణము సైతము ప్రతివస్తువునకు సారమగును. సారము గలది ఒకటి ఉండితీరవలెనను నియమముచే ఆ శూన్యగుణమునకును ఆశ్రయము కల్పింపవలసి వచ్చును. ఈ వ్యాఘాతమును లియో-2 అను ప్రోగ్రాము కనిపెట్టెను. అంతవరకు పండితులెవ్వరును దానిని గమనింపలేదు. శ్రేష్ఠగుణమనగా నేదో మాత్రము యంత్రము చెప్పజాలదు.

స్కాట్ ప్రతియందును ఒక చిక్కు మిగిలినది. దాని ప్రకారము ఏది సత్యమో అదియెల్ల అవశ్యసత్యమే, స్వతంత్రేచ్ఛకు తావుండదు. 1987లో సోబెల్ చూపిన ఈ దోషమును కంప్యూటరు ధ్రువపరచెను. 1990లో ఆండర్సన్ స్వీకృతములను సడలించి దానిని తప్పించియుండెను.