నీలివర్ణముతో భాస్వరమును కొలిచిన ఆంధ్రుడు

జీవరసాయన గ్రంథములలో ఫిస్కె–సుబ్బారో పద్ధతి యను పేరు చదివిన విద్యార్థులు పెక్కుమంది కలరు. అందలి రెండవ పేరు భీమవరమున జన్మించిన తెలుగువానిదని యెరిగినవారు కొలదిమందియే. ఆ పద్ధతిని వివరించిన వ్యాసము 1925లో వెలువడెను. నాటినుండి వేలకొలది పరిశోధకులు తమ వ్యాసములలో దానిని పేర్కొనిరి. శాస్త్రజ్ఞుని ఘనతను ఆయన ప్రకటించిన వ్యాసముల లెక్కతోను, ఇతరులు వానిని స్మరించిన లెక్కతోను తూచుట నేటి ఆచారము. ఆ తక్కెడలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తూచబోయినచో ముల్లు ఒకచోట నిలువదు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన పేదకుటుంబమున జన్మించిరి. బాల్యమున చదువుపై శ్రద్ధ తక్కువ. కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పోగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరట. మెట్రిక్యులేషను మూడవ పర్యాయమునగాని గట్టెక్కలేదు. ఒక్కమారు తప్పిన విద్యార్థిని పనికిరానివానిగా ఎంచు ఉపాధ్యాయులు ఈ సంగతిని గమనింపదగును. రాజమహేంద్రవరమునుండి మదరాసు పోవు రైలుమార్గము మన సూళ్లూరుపేట మీదుగనే సాగును. చదువుకై ఆ బాలుడును ఈ దారినే పోయియుండును.

మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. ఇద్దరు సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధితో స్వల్పకాల వ్యవధిలో మరణించిరి. ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచుండిన ఆయన 1922లో అమెరికా చేరిరి. భార్య శేషగిరి అప్పటికి గర్భవతి. పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి వానిని చూడనేలేదు. ఆయన మరల స్వదేశమునకు రాలేదు.

బోస్టనులో రాత్రులు ఆసుపత్రియందు చిల్లరపనులు చేయుచు, హార్వర్డులో ఉష్ణమండలవైద్య పట్టము పొంది, పిమ్మట సైరస్ ఫిస్కెగారి ప్రయోగశాలలో చేరిరి. రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత గలదో తెలియుటకు వారిరువురు కనుగొన్న ఉపాయము సులభమైనది. ఆమ్లము చేర్చిన ద్రవములో అమ్మోనియం మాలిబ్డేటు కలిపి, క్షయకరణము గావింపగా నీలివర్ణము పుట్టును. ఆ నీలము గాఢమగుకొలది భాస్వరము అధికమని తెలియును.

ఇదే పద్ధతిని కండరముల సారమునకు వర్తింపజేయగా, రంగు వెంటనే రాక మెల్లమెల్లగా ముదురుచుండెను. మరియొకరైనచో ప్రయోగము చెడినదని గాజుపాత్ర కడిగివేసి యుందురు. ఈ జాప్యమునకు కారణము వెదకిన వీరికి, ఆమ్లమున విడిపోవు ఫాస్ఫోక్రియాటిన్ 1927లో దొరకెను. 1929లో, జర్మనీలో కార్ల్ లోమన్ కనుగొన్నట్లే, వీరును స్వతంత్రముగా ఏ.టి.పి.ని కండరమునుండి వేరుచేసిరి. కండరము సంకోచించుటకు లాక్టికామ్లమే మూలమను సిద్ధాంతము 1922నాటి నోబెలు బహుమానపు గౌరవము పొందియుండెను. అది క్రమముగా సడలిపోయెను. అనుక్షణము కొట్టుకొను గుండెకండరమునకు శక్తినిచ్చునదియు ఏ.టి.పి.యే. గుండెపోటు నిర్ణయించుటకు చిరకాలము వైద్యులు రక్తమున కొలిచిన క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము, ఈ రెండు పదార్థముల నడుమ ఫాస్ఫేటును చేరవేయునదే.

ఇంత జరిగియు హార్వర్డులో ఆయనకు స్థిరోద్యోగము లభింపలేదు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఏండ్ల తరువాత ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చెననియు, ఫిస్కె వానిని వెలుగు చూడనీయకుండుటయే కారణమనియు, 1988లో నోబెలు బహుమానమందిన జార్జి హిచింగ్స్ అభిప్రాయపడిరి. ప్రకటితము కాని వ్యాసము ఏ లెక్కకును ఎక్కదు గదా! తన పేరు తాను చాటుకొను స్వభావము సుబ్బారావుగారికి లేకుండుటయు ఈ నష్టమునకు కొంత కారణమని నా తలంపు.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలకు మారిరి. అక్కడ ఆయన నాయకత్వమున జరిగిన కృషిని ఒక్క మనుష్యుని జీవితమున నమ్ముట కష్టము. 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను బలిగొన్న స్ప్రూవ్యాధికి అది ఔషధమాయెను. దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన శిశువులకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించిరి. 1948లో వెలువడిన ఆ ప్రసిద్ధవ్యాసమున రచయితగా సుబ్బారావుగారి పేరు లేదు. ఆరియోమైసిన్ వ్యాసముపై బెంజమిన్ డగ్గర్ పేరు నిలిచెను. మన కోస్తాప్రజలు బోదకాలు నివారణకై మ్రింగిన డైఇథైల్‌కార్బమజైన్ మాత్రయు ఆ ప్రయోగశాలలో పుట్టినదే.

1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి న్యూయార్కున నిదురలోనే ఆయన గుండె ఆగిపోయెను. వయస్సు 53 ఏండ్లు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని పేరిడిరి. మన తపాలాశాఖ 1995లో, శతజయంతినాటికి, ఆయన చిత్రముతో బిళ్ల వెలువరించెను.